పూజగది తలుపుకు పావు అంగుళం సందు

జూబ్లీ హిల్స్‌లో మేం ఇల్లు కట్టుకున్నప్పుడు, ఎర్రగడ్డ వడ్రంగి మా పూజగదికి టేకు తలుపు వైశాఖంలో బిగించాడు. తలుపుకూ గుమ్మానికీ మధ్య పావు అంగుళం సందు వదిలాడు. కుట్టుపని టేపు పెట్టి కొలిచాను. సరిగ్గా పావే.

"ఇందులోంచి బల్లి కుటుంబసమేతంగా వెళ్తుందయ్యా," అన్నారు మావారు. ఆయన ఫిల్మ్ నగర్‌లో సెట్లు వేసేవారు. మూడు రోజుల్లో రాజమహల్ లేపి నాలుగో రోజు కూల్చేవారు కనుక, కట్టడాల గురించి ఆయనకు తెలియనిది లేదు.

"ఎండల్ల కట్టె గుంజుకుంటది, వానల్ల ఉబ్బుతది సార్. జర జాగ ఇడవాలె."

"మా సెట్లో ఇంత సందుంటే కెమెరామన్ ఊరుకోడు."

"మీ సెట్టు వాన జూస్తదా సార్?"

వడ్రంగి వెళ్ళాక మావారు సందుకు సరిపడా సన్నటి చెక్క పట్టీ చేయించి, గుమ్మానికి కొట్టించి, రంగు వేయించారు. హాల్లో కెమెరా ఉండాల్సిన చోట నిలబడి, ఒక కన్ను మూసి చూసి తృప్తిపడ్డారు. మా హాల్లో కెమెరా ఎప్పుడూ లేదు.

శ్రావణంలో నాలుగు రోజులు ముసురు. ఐదో రోజు గురువారం. పదహారేళ్ళు ఇంకొకరి కింద పనిచేసిన మావారికి కళా దర్శకుడిగా మొదటి సినిమా మొదలయ్యే రోజు. ముహూర్తం 8.42కి, కొబ్బరికాయ ఆయనే కొట్టాలి. 7.35కి దండం పెట్టుకోవడానికి పూజగదిలోకి వెళ్ళి, నా రేడియో వినపడకుండా తలుపు గట్టిగా లాక్కున్నారు. ఉబ్బిన తలుపు ఇరుక్కుపోయింది. లోపలి నుంచి ఆయన తోశారు, బయటి నుంచి నేనూ డ్రైవరూ లాగాం. పిడి ఊడింది.

డ్రైవర్ కారు తీసుకుని ఎర్రగడ్డ పరిగెత్తాడు. ముహూర్తానికని తుడిచిన కారులోంచి 8.50కి వడ్రంగి దిగాడు. గుమ్మం అంచు తడిమి చూశాడు.

"గీ పట్టీ ఎవలు కొట్టిండ్రు సార్?"

లోపల పూజగంట గణగణ మోగింది.

"తలుపును కాస్త చిత్రిక పట్టవయ్యా," అన్నాను.

"తలుపు తప్పేమున్నదమ్మా? ఇప్పుడు జెక్కితే ఎండకాలం ఇంకింత సందు పడతది."

ఉలితో పట్టీ ఊడబెరికాడు. ఆరు నిమిషాల పని. మావారు నుదుట నిండుగా విభూతితో, ముహూర్తం దాటిన పద్నాలుగో నిమిషాన బయటికొచ్చారు. అప్పటికే కొబ్బరికాయ నిర్మాతగారి బావమరిది కొట్టేశాడట.

పట్టీ నేను పారేయలేదు. ఏటా వైశాఖంలో సందులో పెట్టి చూస్తాను, ఒదుగుతుంది. శ్రావణంలో దూరదు. మావారు పేపరు దించకుండానే, "ఈ ఏడూ పాసయ్యాడా నీ వడ్రంగి?" అంటారు. ఆయన మాత్రం ఇప్పటికీ తలుపు బార్లా తెరిచే దండం పెట్టుకుంటారు.