కార్డు మీద కుంకుమ బొట్టు

ఆదోని జిన్నింగ్ మిల్లులో నాకు దొరికినదాన్ని మా వీధిలో అందరూ కంప్యూటర్ ఉద్యోగం అనేవాళ్లు. ఎనభైల చివర్లో ఆ మాటకు ఎంత గిరాకీ అంటే, ఎమ్మిగనూరు బస్సులో కండక్టరు కూడా నన్ను చూసి ఎవరినో లేపి సీటు ఇప్పించేవాడు. నాకు మాత్రం ఆ మిల్లంటే ఒళ్లు మంట. మేనేజరంటే ఇంకా మంట. రోజూ పొద్దున వచ్చి, వేలి ఉంగరంతో గాజు తలుపు మీద టకటకా కొట్టి, "ఏమప్పా, అయిందా?" అని అడిగేవాడు. ఏం కావాలో ఆయనకు తెలియదు. కాలేదన్నది మాత్రం తెలుసు.

కావలసింది ఇదీ. మిల్లులో కట్టే ప్రతి పత్తి బేలు నంబరు, తూకం, రకం కంప్యూటర్లోకి ఎక్కాలి. మొదట్లో ఫ్లాపీలు వాడారు. గింజ నుంచి దూదిని విడదీసే చోట గాలి నిండా నూగే. అది చేరి ఫ్లాపీలు వరసగా పాడయ్యాయి. అందుకని అరచేతిలో పట్టే నల్లటి మెమరీ కార్డులు తెప్పించారు. లోపల చిన్న బ్యాటరీ ఉంటుంది కాబట్టి కరెంటు పోయినా రాసుకున్నది పోదు. కార్డు దూర్చే సందు వెనక కంట్రోలరు అనే బోర్డు ఉంటుంది. కార్డు మీద ఏది రాయాలన్నా కంప్యూటరు ఆ బోర్డుకే చెప్పాలి. ఆ చెప్పే ప్రోగ్రామునే డ్రైవరంటారు. కార్డులు వచ్చాయి గానీ డ్రైవరు రాలేదు. ఆపరేటింగ్ సిస్టంలో ఇమిడేటట్టు దాన్ని రాయడం నా పని. ఆధారమల్లా కంట్రోలరు గురించిన పదకొండు పేజీల జిరాక్సు. అందులో రెండు పేజీలు నల్లగా మసిబారి ఒక్క ముక్కా చదవడానికి లేదు. ఆ కాగితాలు పంపినవాణ్ని నేను తిట్టని రోజు లేదు.

మొత్తానికి రాశాను. పనిచేసింది కూడా.

ఆ గదిని ఊడ్చి తుడిచే అక్క ఒకామె ఉండేది. ఏళ్ల తరబడి దూదిలో పనిచేసి ఉబ్బసం తెచ్చుకుంది. ఫ్లాపీలు పాడయ్యాక, కంప్యూటరు కోసం మా గదికి ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులు పెట్టి, ఏసీ బిగించారు. మిల్లు మొత్తం మీద నూగు లేని చోటు అదొక్కటే. ఎవరి కాళ్లు పట్టుకుందో, ఆ గదిలో పని సంపాదించుకుంది. "ఈడుంటే ఊపిరాడతాదప్పా. ఆ మిషన్ల కాడికి పోతే పొద్దుగూకేలకు పిల్లికూతలే" అనేది. నేను విసుక్కున్నా పట్టించుకునేది కాదు. నా టిఫిన్ డబ్బా కడిగి పెట్టేది.

ఆయుధపూజ ముందురోజు కొత్త కార్డు వచ్చింది. అందులో పాతదానికి రెట్టింపు వివరాలు పడతాయి. దాన్ని పెట్టి, రెండు మూడు బేళ్లు ఎక్కించి చూసి, బాగుందనుకున్నాను. మర్నాడు మిల్లులో ప్రతి మిషనుకూ పూజ. గుమ్మడికాయలు పగిలాయి. అక్క పళ్లెం పట్టుకుని మా గదిలోకి వచ్చి తెరకు, కీబోర్డుకు బొట్టు పెట్టింది. సందులోంచి వేలెడంత బయటికి ఉన్న కార్డు అంచుకు కూడా ఒకటి పెట్టి, దండం పెట్టుకుంది. నేను చూసి నవ్వుకున్నాను.

పండగ వెళ్లిన నాలుగో రోజు జాబితా తీస్తే బేళ్ల నంబర్లు మధ్య మధ్యలో లేవు. మేనేజరు నలుగురు గుమాస్తాలను వెంటేసుకుని వచ్చాడు. "ఇంత జీతమిచ్చి నిన్ను పెట్టుకునింది ఇందుకేనా? నీ ప్రోగ్రాముకంటే మా పాత పుస్తకమే నయం గదప్పా!" అన్నాడు. నాకు తల తీసేసినట్టయింది. కార్డు లాగి చూశాను. సందులోకి దూరే కొసన, దాని ఇత్తడి పళ్ల దగ్గర ఎర్రగా ఒక్క రవ్వ కనిపించింది. నాకది చాలింది.

"ఇదిగో, ఈమె పూసిన కుంకుమ!" అన్నాను, మూలన నిలబడిన అక్క ముఖం మీదికి వేలు చూపించి. "బొట్టు పెట్టేదానికి ఇదేమన్నా రోకలా?"

గుమాస్తాలు నవ్వారు.

"పైన పెట్టినానప్పా. సందులోకి పోలేదు. నువ్వు సూస్తానే ఉండావు గదా" అంది ఆమె.

చూశాను. అయినా, "నీకేం తెలుసు, నోర్ముయ్" అన్నాను. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే అదే. వయసులో ఆమె నాకు పెద్దమ్మంత. ఆ సాయంత్రమే మేనేజరు ఆమెను మిషన్ల దగ్గరికి మార్చాడు.

కార్డును స్పిరిటుతో తుడిచాను. రెండు రోజులకు మళ్లీ బేళ్లు మాయం. ఇప్పుడు కుంకుమ లేదు, అక్కా లేదు. ఇంటికి వచ్చి కార్డును, కంట్రోలరును, మిల్లును కలిపి తిట్టాను. మా నాయన మగ్గం గుంటలోంచి తలెత్తకుండానే, "పోగు తెగితే మగ్గాన్ని తిట్టేదానికంటే ముందు సెయ్యి సూసుకోవల్ల" అన్నాడు. ఆయన మీదా అరిచాను. కానీ మర్నాడు నా ప్రోగ్రామును మొదటి వరస నుంచి చదివాను.

తప్పు నాదే. కార్డు మీద ఒకటి రాయడం పూర్తయ్యాక కంట్రోలరు ఒక గుర్తు పెడుతుంది. డ్రైవరు ఆ గుర్తు కోసం చూసి, అప్పుడే రెండోది పంపాలి. ఆ సంగతి మసిబారిన పేజీల్లో ఉండిపోయింది. నేను పాత కార్డుకు ఎంతసేపు పడుతుందో లెక్కగట్టి, అంతసేపు ఆగి రెండోది తోసేటట్టు రాసి, నా తెలివికి నేనే మురిసిపోయాను. కొత్త కార్డుకు అంతకంటే కాస్త ఎక్కువసేపు పడుతుంది. బేళ్లు గబగబా వచ్చినప్పుడల్లా ఒకటి పూర్తి కాకముందే ఇంకోటి మీద పడింది. మేనేజరు రోజూ నన్ను అయిందా అని అడిగేవాడు. నా డ్రైవరు కార్డును ఒక్కసారి కూడా అడగలేదు. రాసేటప్పుడు కంట్రోలరులో ఏ అంకె మారుతోందో ఒక్కొక్కటే చూస్తూ, ఆ గుర్తు ఎక్కడుందో పట్టుకుని నాలుగు వరసలు మార్చాను. ఆ తర్వాత ఒక్క బేలూ పోలేదు.

మేనేజరు గదికి వెళ్లి తలుపు వేసి, తప్పు నాదని చెప్పాను. ఆ అక్కను వెనక్కి పిలవమన్నాను.

"వేరే మనిషిని పెట్టినా గదప్పా. ఇప్పుడు కంప్యూటర్దే తప్పని బయటికి పోతే నీకూ నామర్దా, నాకూ నామర్దా. గమ్మునుండు" అన్నాడు.

గమ్మునున్నాను. ఆయన మీద ఎంత కోపమొచ్చిందో, నా పేరు చెడకుండా పోయిందని లోపల అంత హాయిగా ఉంది. అది తలచుకుంటే నా మీద నాకే ఇప్పటికీ అసహ్యం.

మధ్యాహ్నం భోజనాల వేళ అక్క మిల్లు వెనక కొళాయి దగ్గర ఒంటరిగా కూర్చుని ఉంది. ముక్కుకు కొంగు చుట్టుకుంది. ఎగశ్వాస దూరానికే వినిపిస్తోంది.

"అక్కా, తప్పు నాది. నీ కుంకుమది కాదు" అన్నాను.

ఆమె చాలాసేపు ఊపిరి కూడదీసుకుంది. "ఆ పొద్దు నలుగుర్లో అంటివి. ఈ పొద్దు ఎవురూ లేంది సూసుకోని వచ్చినావు."

"మేనేజరుకు చెప్పినానక్కా. ఒప్పుకోలేదు."

"ఆయప్పకు యాడ సెప్పినావు? గదిలోనా?"

గంట కొట్టారు. ఆమె గోడ పట్టుకుని లేచి, మిషన్ల షెడ్డు తలుపు తీసి, అలాగే పట్టుకుని నిలబడింది. లోపల మనుషులు పనిలోకి దిగుతున్నారు. గుమాస్తాలు కూడా అక్కడే ఉన్నారు.

"రాప్పా. అందరూ ఉండారు. సెప్పు."

తలుపులోంచి నూగు నా ముఖం మీదికి వచ్చింది. దగ్గు ఆగలేదు. "పనుందక్కా" అని, నా గదికి వెళ్లి రెండు తలుపులూ వేసుకున్నాను.