మూడో విజిల్

ఆ రోజుల్లో నాకు మనుషుల మాటల కంటే అంకెల మీద నమ్మకం ఎక్కువ. లెక్కలు ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకున్నవాణ్ణి కాదు. బస్సు టిక్కెట్ల మీది నంబర్లు కూడుకుంటూ, తీసేసుకుంటూ పెరిగాను. అమెరికా వచ్చి ఫ్రీమాంట్‌లో ఉద్యోగానికి చేరాక రెస్టారెంట్ బిల్లులో ఎవరి వంతు ఎంతో స్నేహితులు ఫోన్ తీయకుండా నన్నే అడిగేవారు. అలాంటి నాకు చేతకాని లెక్క ఒక్కటే: ప్రెషర్ కుక్కర్ విజిల్స్. కొత్త కాపురం. మా ఆవిడ స్నానానికి వెళుతూ, "ఏవండీ, మూడు విజిల్స్ రాగానే స్టవ్ ఆపేయండి" అనేది. మొదటిది శ్రద్ధగా వినేవాణ్ణి. రెండోది ఇంకెంతసేపటికి వస్తుందో అంచనా కట్టడంలో పడిపోయేవాణ్ణి. ఆ తర్వాత వినిపించింది రెండోదో నాలుగోదో దేవుడికే తెలియాలి. (అంచనా మాత్రం బాగానే కుదిరేది.)

ఒక ఆదివారం పప్పు బొగ్గయింది. పొగకి అలారం మోగింది, ఫైర్ ఇంజిన్ వచ్చింది, అపార్ట్‌మెంట్ జనమంతా కిందికి దిగి చేతులు కట్టుకుని మా కిటికీ వైపు చూస్తూ నిలబడ్డారు. ఇంకొక్కసారి ఇలా జరిగితే లీజు రెన్యూ చేయనని మేనేజర్ చాలా మర్యాదగా చెప్పాడు. ఆ అద్దెకి ఆ ఊళ్ళో మరో ఇల్లు దొరకదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? "ఇల్లు పోతే కార్లో కాపురం పెడతారా?" అంది మా ఆవిడ, మాడిన కుక్కర్ తోముతూ.

సరిగ్గా ఆ వారమే నెట్‌లో విజిల్స్ లెక్కపెట్టే యంత్రం నా కంటపడింది. అరచేతిలో పట్టే బిళ్ళ. స్టవ్ పక్క గోడకి అంటిస్తే చాలు, తనే విని, మూడోదానికి ఫోన్ మోగిస్తుందట. కాకపోతే ఇంకా తయారు కాలేదు. జనం ముందుగా డబ్బు వేస్తే, ఆ డబ్బుతో తయారు చేసి పంపుతారు. నేను ఊరికే వేస్తానా? ఎంతమంది వేశారో, రోజుకి ఎంత పెరుగుతోందో అన్నీ లెక్కగట్టి, వచ్చి తీరుతుందని తేల్చి, ఏకంగా రెండింటికి కట్టాను. (ఒకటి పాడైతే ఇంకొకటి ఉండాలిగా!)

ఆఫీసులో నా పక్క సీటు వరంగల్ మిత్రుణ్ణి మేమంతా 'అనుమానం అన్న' అనేవాళ్ళం. నేను డబ్బు కట్టిన సంగతి విని పగలబడి నవ్వాడు.

"తమ్మీ, నువ్వు కొన్ననుకుంటున్నవ్. కొనలే, చందా ఇచ్చినవ్. గణపతికి చందా ఇస్తే లడ్డు ఇంటికి పంపిస్తరా?"

"అది కాదన్నా, వాళ్ళు అడిగినదానికి ఎనిమిది రెట్లు వచ్చింది."

"పైసలైతే వచ్చినయ్. చేసెటోడు ఉన్నడా అండ్ల?"

మార్చిలో వస్తుందన్నారు. మార్చిలో, బిళ్ళ ఏ రంగులో ఉండాలన్న చర్చ ఇంకా నడుస్తోందని మెయిల్ వచ్చింది. వేసవికి ఖాయమన్నారు. వేసవిలో వాళ్ళందరూ కలిసి నవ్వుతున్న ఫొటో వచ్చింది.

ఈలోగా ఒక శనివారం మా ఆవిడ డ్రైవింగ్ క్లాస్‌కి వెళ్ళింది. నేను కుక్కర్ పెట్టి ఆఫీస్ కాల్‌లో మునిగిపోయాను. ఉన్నట్టుండి పక్కింటి గోడ దబదబ మోగింది. ఆ ఇంట్లో ఒక అమెరికన్ పెద్దావిడ పిల్లితో ఒంటరిగా ఉండేది. ఇంకేముంది, మేనేజర్‌కి ఫోన్ చేసేసింది, లీజు పోయినట్టే అనుకుని స్టవ్ ఆపి, పరుగున వెళ్ళి తలుపు తీశాను. అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది.

"హనీ, దట్ వాజ్ ఫోర్!"

"సారీ, వెరీ సారీ..."

"సారీ ఎందుకు?" అంది. మా ఆవిడైతే రోజూ మూడుకే ఆపుతుందట. ఇవాళ నాలుగైనా ఆగకపోయేసరికి నాకేమైనా అయిందేమోనని కంగారుపడి వచ్చిందట. పలచటి గోడలు కదా, మా పప్పు ఎప్పుడు ఉడుకుతుందో ఆవిడకి తెలుసు, నాకే తెలియదు. మా ఆవిడ ఇంటికొచ్చి సంగతంతా విని, గిన్నెడు పప్పు తీసుకెళ్ళి, ఆవిణ్ణి "ఆంటీ" అని పిలిచి వచ్చింది. ఆ రోజు నుంచి మూడో విజిల్‌కి గోడ మోగేది, నేను లేచి స్టవ్ ఆపేవాణ్ణి.

చివరికి యంత్రం వాళ్ళ మెయిల్ వచ్చింది. డబ్బంతా అయిపోయింది, దుకాణం మూసేస్తున్నాం, క్షమించమని. కారణం కూడా దాచకుండా రాశారు: ఆ బిళ్ళకి కుక్కర్ విజిల్‌కీ రైలు కూతకీ తేడా తెలియడం లేదట! మా ఆవిడ చదివి కిటికీలోంచి బయటికి చూసింది. మా అపార్ట్‌మెంట్ వెనకే రైలు పట్టాలు. "వచ్చుంటే రోజూ పచ్చిపప్పే తినేవాళ్ళం కదండీ!" అని నవ్వు మొదలుపెట్టింది. ఇక నాకూ ఆగలేదు. పోయిన డబ్బు గురించి అంత హాయిగా నవ్వుకున్నది నా జన్మలో అదొక్కసారే.

లీజు రెన్యూ అయింది. అలారం మళ్ళీ మోగలేదు. కొన్నేళ్ళకి సొంత ఇల్లు కొనుక్కుని ఖాళీ చేస్తున్న రోజు, ఆంటీ పిల్లిని చంకనెత్తుకుని వచ్చి, "ఇక నీకెవరు లెక్కపెడతారు?" అని అడిగింది. 

ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది కరెంటు కుక్కర్. కూత వేయదు, పనవగానే తనంతట తానే ఆగిపోతుంది. మొన్న స్నేహితుల ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు, వాళ్ళ వంటింట్లోంచి చాలా రోజుల తర్వాత విజిల్ వినిపించింది. ఒకటి, రెండు, మూడు. జుట్టు నెరిసిన పెద్దమనిషినై ఉండీ, నా మాట మధ్యలో ఆపేసి గోడ వైపు చెవి ఒగ్గాను. అవతల వాళ్ళ గరాజ్ తప్ప ఏమీ లేదు.