బాపు గొంతుకు డబ్బింగ్

ఏడో తరగతిలో నేను బడి మానేసినప్పుడు వెతుక్కుంటూ ఎవరూ రాలేదు. అదే బర్రె తప్పిపోతే మా బాపు మాదన్నపేట గల్లీలన్నీ తిరిగి తోలుకొచ్చేవాడు. మాది పాల వ్యాపారం. ఇంటి వెనక బర్రెలు, ముందు మేము. వాసనలో పెద్ద తేడా ఉండేది కాదు.

బడి పోయాక మిగిలింది సినిమా. తెరకు మరీ ముందు కూర్చునేవాణ్ని కాబట్టి హీరోల ముక్కురంధ్రాలు నాకు బాగా తెలుసు. ఇంటికొచ్చి, టికెట్టు కొనలేని గల్లీ పిల్లలకు సినిమా అంతా ఆడి చూపించేవాణ్ని. వాన, గుర్రం, విలన్, విలన్ తల్లి, అన్నీ నా నోటితోనే. గొంతులు పట్టుకోవడం అట్లా అబ్బింది. ఎక్కువ నవ్వులు మాత్రం బాపు గొంతుకే. ఒకసారి పొద్దున్నే తలుపు చాటున నిలబడి, అచ్చం ఆయనలాగే, "ఇయ్యాల పాలల్ల నీళ్లు తక్కువ పడ్డయ్, జల్దీ రాండ్రి" అని కేకేశాను. జనం గిన్నెలతో నిజంగానే వచ్చారు. బాపు తాడుతో వచ్చాడు.

"సిన్మాలు బువ్వ పెడ్తయారా నీకు?" అనేవాడు. నాతో ఆయన మాటలన్నీ ఇంచుమించు అదే శ్రుతిలో ఉండేవి.

బువ్వ పెట్టలేదు, నిజమే. పాలు పోసొచ్చి ఫోనులో కథలు రాసేవాణ్ని. తర్వాత అదే ఫోనుతో సినిమా తీయబోయాను. పరీక్ష తప్పిన కొడుకు, రోజంతా తిట్టే తండ్రి. కొడుకు వేషానికి గల్లీ కుర్రాడు దొరికాడు గానీ, తండ్రి వేషం వేస్తానన్న పెద్దమనిషి షూటింగు రోజున ఫోను ఎత్తలేదు. గతిలేక బాపునే అడిగాను.

"నాకు యాక్టింగ్ రాదు పో."

"పాలు చిక్కగున్నయని రోజూ చెప్తవ్ గదా బాపు. గదే యాక్టింగ్."

అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆయన చొక్కా మార్చుకుని వచ్చాడు.

తిట్లన్నీ రాసినదానికంటే బాగా తిట్టాడు. ఆఖరి సీను మా మిద్దె మీద, మధ్యాహ్నం. అలిగిన కొడుకు దగ్గరికి తండ్రి అన్నం పళ్లెం తెచ్చి, "తిను బిడ్డా. రేపటి సంగతి రేపు చూస్కుందాం" అనాలి. బాపు ఆ మాట చాలా మెల్లగా అన్నాడు. సరిగ్గా అప్పుడే కింద కూరగాయల బండివాడి మైకు టమాటాల ధర అరిచింది. ఫోనులో టమాటాలే పడ్డాయి. ఫికర్ పడలేదు. ఎట్లాగూ డబ్బింగ్ చెప్పిద్దాం అనుకున్నాను. ఆ టైములో నా చూపంతా ఫోను తెర మీదే, నీడ ఎక్కడ పడుతోందా అని.

డబ్బింగ్ దాకా ఆయన గొంతు ఆగలేదు. మొదట బొంగురు అన్నారు, తర్వాత క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేసి, ఊపిరి ఆడడానికి మెడకు రంధ్రం పెట్టారు. మనిషి దక్కాడు, మాట పోయింది. పొద్దున్నే వాకిట్లో పాలోయ్ అన్న కేక లేదు. తిట్లూ లేవు. ఇంట్లో అంత నిశ్శబ్దాన్ని నేనెప్పుడూ వినలేదు.

నెలల తర్వాత, సినిమా పూర్తిచేయమని బాపే చేత్తో సైగ చేశాడు. ఆయన గొంతు నేనే చెప్పాలి. బార్కస్‌లో సెల్లు రిపేరు చేసే నా దోస్తు షట్టరు దించి, చుట్టూ బొంతలు కట్టాడు. బాపు మెడకు తువ్వాలు చుట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

తిట్లు ఒక్క టేకులో అయిపోయాయి. దోస్తు "మస్తు భాయ్, బాపే దిగిండు" అన్నాడు. బాపు భుజాలు ఊగుతున్నాయి. నవ్వుతున్నాడు, చప్పుడు లేకుండా.

ఆఖరి మాట మాత్రం రాలేదు. ఒకసారి హీరోలాగా వచ్చింది, ఇంకోసారి డాక్టరులాగా.

"ఏంది భాయ్, గిది బాపు లెక్క లేదు, సిన్మా లెక్కున్నది" అన్నాడు దోస్తు.

ఎందుకు రాలేదో నాకు అర్థమైంది. విన్న గొంతునే కదా ఎవడైనా పట్టుకునేది. నా దగ్గరున్నవన్నీ ఆయన కోపాలే. మెత్తని గొంతు కథలో రాసుకున్నాను గానీ చెవితో వినలేదు.

బాపు లేచి నా ముందు నిలబడ్డాడు. నాకు నేర్పడానికి ఆ మాటను పెదాలతో మెల్లగా పలికాడు. తువ్వాలు కింద గాలి మాత్రం ఆడింది.

"ఇంకో టేక్ చేద్దామా?" అని అడిగాడు దోస్తు.

"వద్దు. ఆడ ఖాళీ ఉంచు."

గల్లీ యూత్ సంఘం వాళ్లు ఫంక్షన్ హాల్లో గోడకు తెల్లగుడ్డ కట్టి సినిమా వేశారు. తిట్లకు జనం ఈలలు వేశారు. ఆఖరి సీనులో బాపు పెదాలు కదులుతుంటే వెనక నుంచి ఎవడో "సౌండ్, సౌండ్" అని లొల్లి పెట్టాడు. బాపు తెర మీదనుంచి చూపు తిప్పలేదు.

పక్కనున్న అమ్మ నావైపు వంగింది. "ఏమన్నడురా ఆడ?"

ఆమె చెవిలో చెప్పాను, నా గొంతుతోనే.

"నిజంగ గట్ల అన్నడా?"

"అన్నడమ్మా. మన మిద్దె మీదనే. నేనే ఇనకుండ ఫోన్ చూస్కుంట నిలవడ్డ."