రెండెకరాల ఇరవై గుంటలు

"యాప్ నువ్వే చేస్తే ఆగమైతవ్ తమ్ముడు, తెలిసినోన్ని పెట్టుకో" అన్నాడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా పెద్దనాయిన కొడుకు. నాకు ఒళ్లు మండింది. జనగామలో మాది పురుగుమందుల దుకాణం. ఏ పంటకు ఏ మందో తెలుసు, రైతు ఏం అడుగుతాడో తెలుసు. కోడింగ్ ఒక్కటే తెలియదు. చెప్పింది చెప్పినట్టు చేసిపెట్టే ఏఐ ఉండగా ఒకరి కాళ్లావేళ్లా పడడమెందుకు?

పొలం ఎంతో ఫోన్‌లో కొడితే, డ్రోన్‌లో ఎంత మందు, ఎన్ని నీళ్లు పోయాలో చెప్పాలి. అంతే నా యాప్. తయారైంది, పనిచేసింది. ఎట్లా పనిచేస్తోందో మాత్రం నాకు తెలియదు. అదొక్కటే భయం.

మొదటి పొలం నర్సింహులపేట దగ్గర, నాకు వరసకు అక్కయ్యే ఆమెది. మిరప పూతలో తామర పురుగు పడింది. ఒక్క మూల వదిలినా మళ్లీ చేనంతా పాకుతుంది. "నీ ఫోన్‌ను నమ్మి కొట్టిస్తున్న తమ్మీ, ఈ యేడు నాకు గిదే ఆధారం" అన్నది. నేను నవ్వి, ఆమె భూమి పాసుబుక్కు తీసుకుని యాప్‌లో లెక్క కొట్టాను.

భూపాలపల్లి నుంచి వచ్చిన డ్రోన్ అతను యాప్ చెప్పినంత మందే కలిపాడు. అవతలి గట్టు ఇంకా ఉండగానే డ్రోన్ వెనక్కి వచ్చేసింది. "మందు అయిపోయిందన్నా" అన్నాడు.

అక్క గట్టు వైపు చూసింది. "మరి గా మూలకు?"

పాసుబుక్కులో ఉన్నట్టే నేను 2.20 కొట్టాను. మాకది రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర. నలభై గుంటలు ఎకరమని పుట్టినప్పటి నుంచి వింటున్నదే, ఒకరికి చెప్పాల్సిన సంగతని తట్టనే లేదు. ఏఐ దాన్ని రెండు పాయింట్ రెండు అనుకుంది, అంటే రెండెకరాల ఎనిమిది గుంటలే. పన్నెండు గుంటలు గల్లంతు.

అక్కడే నిలబడి ఏఐకి గుంటల సంగతి చెప్పాను. సరిచేశానంది. అంతకుముందూ అంతా సరిగ్గానే ఉందన్నది కదా. మిగిలిన మూలకు మందు వేళ్ల మీద లెక్కగట్టి కలిపించాను. అది కొట్టడం కాగానే అక్క అన్నది, "పక్కది మా మరిదిది. మూడెకరాల ఐదు గుంటలు. దానికి గూడ కొట్టుండ్రి."

3.5 అని కొట్టి ఆగిపోయాను. ఇది మూడెకరాల ఐదు గుంటలనుకుంటుందా, మూడున్నర అనుకుంటుందా? నేను చేసిందే, నాకే తెలియదు. రోషం పక్కనపెట్టి హైదరాబాదు అన్నకు ఫోన్ చేశాను.

"జర పరేషాన్ల ఉన్ననే. గుంటల సంగతి దానికి చెప్పుడు మర్చిపోయిన. నువ్వైతే చెప్పేటోనివి గదా?"

"నాకు గూడ యాదికి రాకపోతుండె తమ్ముడు" అన్నాడు.

నన్ను సముదాయించాలనే అన్నాడేమో. నాకు మాత్రం అప్పటిదాకా ఉన్న భయం రెండింతలైంది. ఆయనకే తట్టకపోతే, నేను చెప్పకుండా వదిలేసినవి ఇంకెన్ని ఉన్నాయో. అక్క నా ఫోన్ వైపే చూస్తోంది.