గుడి మూడో మెట్టు

ఆ ఏడు బర్మాలో తిరుగుబాటును అణిచేశాక కాలేజీలు మూసేశారు. బయటి దేశాల నుంచి ఉత్తరాలు ఆగిపోయాయి. కర్ఫ్యూ లేని గంటల్లో నాన్న పబేడాన్ బజారులో మా బట్టల కొట్టు తెరిచేవాడు. నేను ఇంట్లో కూర్చుని, ఫుట్‌పాత్ మీద కొన్న పాత ఇంగ్లీషు పుస్తకం ఒకటి చదువుతూ డైరీలోకి ఎక్కించుకునేదాన్ని. హీబ్రూలనే ఇజ్రాయెల్ జనం ఎక్కడివాళ్ళో పాత శాసనాలను బట్టి తేల్చాలని చూసే పుస్తకం. ఈజిప్టు రాజు ఒకడు తన విజయశిల మీద ఇజ్రాయెల్ జనానికి విత్తనం కూడా మిగల్లేదని చెక్కించాడట. వాళ్ళ పేరున్న రాళ్ళలో అదే అతి పాతదట. ఇంకా పాత మట్టి పలకల మీద చిన్న రాజులు హబిరు అనే మనుషుల మీద మొరపెట్టుకున్నారు. వాళ్ళే హీబ్రూలని కొందరు, ఊరూ పొలమూ లేని వాళ్ళందరికీ అదే పేరని కొందరు. ఇక్కడివాళ్ళు మా తెలుగువాళ్ళని కోరంగీలంటారు. మా పెద్దలు ఓడెక్కిన రేవు పేరు అది. ఆ పేజీ రెండుసార్లు చదివాను.

కాలేజీ తెరిచాక మళ్ళీ చేరాలంటే నాన్న పౌరసత్వ కార్డు చూపాలన్నారు. కార్డుకేమో స్వతంత్రానికి ముందే మావాళ్ళు ఇక్కడున్నట్టు రుజువు కావాలి. ఇంటి కాగితాలు యుద్ధంలో కాలిపోయాయి. ఇక్కడి రేవులో బస్తాలు మోసిన ముత్తాత పజుండౌంగ్ పేటలోని మా తెలుగువాళ్ళ గుడికి ఒక మెట్టు వేయించాడని నాన్నకు గుర్తొచ్చింది.

భక్తుల పాదధూళి తగలాలని దాతలు మెట్ల మీదే పేర్లు చెక్కించేవారు. తగిలీ తగిలీ మూడో మెట్టు మీది అక్షరాలు అరిగిపోయాయి. పుస్తకంలో చెప్పినట్టు పల్చటి కాగితం పరిచి పెన్సిలు అడ్డంగా రుద్దాను. ముత్తాత పేరు, ఊరు, శుభకృత్ నామ సంవత్సరం తేలాయి.

“ఇన్నాళ్ళూ తొక్కీసినాం గానీ సదవలేదే, గుంటా,” అన్నాడు నాన్న.

“చెప్పులు విడిచే తొక్కారు కదా, దోషం లేదు,” అన్నారు గుమ్మంలోంచి పూజారిగారు. బర్మా భాషలో దాని అర్థం ఆయనే రాసిచ్చారు.

కార్డులిచ్చే ఆఫీసులో అధికారి అది చదివి, ఏటికి అంకె లేదేమన్నాడు. నాన్న స్వతంత్రానికి చాలా ముందటి అంకె చెప్పాడు. అధికారి నావైపు తిరిగాడు.

“ఈ ఏటి పేరు ఒక్కసారే వస్తుందా?”

ఇంటికి ఎవరొచ్చినా లోపలి గదిలోకి వెళ్ళిపోయేదాన్ని. అప్పుడూ తల దించుకుని ఊరుకుంటే సరిపోయేది.

“అరవై ఏళ్ళకోసారి వస్తుంది,” అన్నాను.

ఆయన లెక్క వేసుకున్నాడు. “అయితే స్వతంత్రం వచ్చాక కూడా ఒకటి వచ్చింది.” విసుక్కోకుండా కాగితం వెనక్కిచ్చి, అంకె ఉన్నది తెమ్మన్నాడు.

బస్సులో నాన్న అన్నాడు: “ఏటే, ఆ పుస్తకం నిజమే సెప్పమందా?”

“అది ముందటి శుభకృతే నాన్నా. నాకు తెలుసు.”

“నీకు తెలిస్తే ఏటి లాభం?”

గుడిలో మెట్లన్నీ రుద్ది చూశాను. అన్నిటి మీదా సంవత్సరాల పేర్లే. అదే పేరుతో మళ్ళీ వచ్చే ఏడుతో తికమక పడేవాళ్ళు ఎవరుంటారులే అనుకున్నారో ఏమో.

కాలేజీలు తెరిచిన వారం, నాతో చదివిన అమ్మాయి కొట్టుకొచ్చింది. రావడం లేదేమని అడిగితే, కాగితాలు ఇంకా కాలేదన్నాను. ఇక్కడ ఆడవాళ్ళకూ లుంగీయే; కొత్తదానికి బట్ట కావాలంది. కాలేజీకి కట్టుకోవడానికట. కొలిచి, చించి ఇచ్చాను.