ఆకు ఆవుకు, గడ్డ గిరాకీకి

బీట్‌రూట్ తింటే రక్తం పడుతుందని పుంగనూరులో అందరికంటే ఎక్కువసార్లు చెప్పినవాణ్ణి నేనే. డాక్టర్లు కూడా నా అంత గట్టిగా చెప్పి ఉండరు. పాపం, వాళ్ల దగ్గర మైకు ఉండదు. నా లగేజీ ఆటో మీద మైకుంది, అందులో నా గొంతుంది.

"రండమ్మా రండి! కోస్తే ఎరుపు, తింటే రక్తం! బీట్‌రూట్ తిన్న ఆడబిడ్డ ఎండలో నిలబడినా కళ్లు తిరిగి పడదు!"

ఈ మాటలు మెమరీ కార్డులోకి ఎక్కించి ఆరేళ్లయింది. ఆ ఆరేళ్లలో మా ఇంట్లో బీట్‌రూట్ వండిన రోజులు రెండు చేతుల వేళ్లకు మించవు.

కూరగాయలమ్మేవాడి ఇంటికి పోయి ఇవాళ ఏం కూర అని అడగకూడదు. ఏది మిగిలితే అదే కూర. మా నాయన కాలం నుంచీ పద్ధతి ఇదే. బోణీ కాకముందు బండిలోంచి ఇంటికని ఒక్క కాయ తీయకూడదు. అమ్ముడైంది ఊరిది, మిగిలింది ఇంటిది. మా ఇంటికి మిగిలేది ఎప్పుడూ టమోటానే. తెల్లారకముందే మదనపల్లె మార్కెట్టుకు పోయి గట్టికాయలు చూసి ఎత్తుకొస్తాను. సాయంత్రానికి అడుగు క్రేటులో కాయలు మెత్తబడి, నా మొహం చూస్తూ కూర్చుంటాయి. వాటిని తెచ్చి వంటింట్లో దించేవాణ్ణి. టమోటా పప్పు, టమోటా చారు, రోట్లో నూరిన టమోటా ఊరుబిండి, మళ్లీ పప్పు.

"ఇంగ టమోటా పాయసం ఒకటే మిగిలుండాది. అది కూడా చేసి పెడతా ఉండు," అనేది మా ఆవిడ.

"యాల అట్లంటావు? టమోటా కూడా ఎర్రగానే ఉండాది గదే! దానికి రంగు లోపల, దీనికి బయట. రెండూ రక్తమే."

ఆరో తరగతిలో బడి నన్నూ నేను బడినీ వదిలేసుకున్నాం. అప్పటికి నాకు అబ్బిన సైన్సు అంతే. ఎర్రనిది రక్తానికి, తెల్లనిది ఎముకకి, పచ్చనిది పశువుకి.

ఆ మూడోది నేను రోజూ అమలు చేసేవాణ్ణి. రామసముద్రం దిక్కు నుంచి ఒక రైతు బీట్‌రూట్ ఆకులతో సహా కట్టలు కట్టి తెస్తాడు. గిరాకీకి ఆకు అక్కర్లేదు, తూకంలో బరువని పేచీ పెడతారు. అందుకని మెడ దగ్గర విరిచి కింద పడేస్తాను. నేను బండి ఆపే చోటికి ఒక పొట్టి ఆవు వస్తుంది. మా ఊరి జాతే అంత, నడుమెత్తు కూడా ఉండదు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి దానితో ఫొటోలు దిగుతారు. చేతికి గడియారం లేకపోయినా పదకొండింటికల్లా హాజరు. ఆకంతా నమిలి, కాడలు కూడా వదలకుండా పోయేది. దాని ఒళ్లు నూనె రాసినట్టు నిగనిగలాడుతుంటే నేనే మురిసిపోయేవాణ్ణి.

మా ఆవిడ ఎండలో పడలేదు. ఇంటి నీడలో, నీళ్లతొట్టి పక్కన, చెంబు చేతిలో ఉండగానే పడిపోయింది. నేను ఆ వేళ బజారులో ఉన్నాను. నా మైకు బీట్‌రూట్ తిన్న ఆడబిడ్డ పడదని చెప్తూనే ఉండి ఉంటుంది.

కుప్పంలో ఉండే మా కూతురు వచ్చి తీసుకుపోయింది. ఒంట్లో రక్తం బాగా తక్కువగా ఉందన్నారు. "పది దినాలుండి వస్తా," అని మా ఆవిడ సంచి సర్దుకుంది. పది దినాలు నాలుగు నెలలయ్యాయి.

ఈ నాలుగు నెలల్లో నేను వంట నేర్చుకున్నాను అంటే కుండలు నవ్వుతాయి. మధ్యాహ్నం ఇంటికొచ్చి, పొద్దున వండిన అన్నంలో చారు పోసుకుని, గోడకేసి చూస్తూ తింటాను. గోడ మీద క్యాలెండరు ఒకటుంది. దానికి రెండు జోకులు చెప్పి చూశాను. నవ్వలేదు. బజారులో నలుగురినీ నవ్వించేవాడికి ఇంట్లో ఒక్క మనిషి కరువైతే, ఆ జోకులన్నీ అమ్ముడుపోని టమోటాల్లాగా లోపలే మెత్తబడిపోతాయి.

మైకు సంగతి ఒకటి చెప్పాలి. ఆ మాటలు నేను మా ఇంట్లోనే, ఫోను నోటి దగ్గర పెట్టుకుని రికార్డు చేశాను. చివర్లో వంటింట్లోంచి మా ఆవిడ అరుపు కూడా పడింది. "సాల్లే, వచ్చి తినయ్యా! అన్నం సల్లారిపోతాంది!" చెరిపేద్దామనుకున్నాను. కానీ వినేవాళ్లు పడీపడీ నవ్వారు. నవ్వితే బండి దగ్గరికొస్తారు. వ్యాపారానికి మంచిదని అట్లాగే ఉంచేశాను. ఆరేళ్లుగా ఊరు ఊరంతా ఆమె నన్ను అన్నానికి పిలవడం విన్నది. పోనివాణ్ణి నేనొక్కణ్ణే. గిరాకీ ఉండే వేళ ఎవరు పోతారు? రెండింటికో మూడింటికో పోయేవాణ్ణి. అప్పటికి ఆమె ఒక్కతే తినేసి ఉండేది. ఏం తిన్నావని ఎప్పుడూ అడగలేదు. తెచ్చింది నేనే కదా, నాకు తెలియనిదా!

మొన్నొక ఆదివారం సంచి నిండా బీట్‌రూట్లు వేసుకుని, పలమనేరులో బస్సు మారి కుప్పం పోయాను. మరుసటి రోజు ఆమెకు మళ్లీ రక్త పరీక్ష ఉండింది. ఆస్పత్రికి ఇద్దరం పోయాం. నర్సమ్మ కాగితం చూసి, కొంచెం పెరిగింది, ఇంకా పెరగాలి అంది. నేను ఊరుకోలేదు.

"మూట తెచ్చినానమ్మా, బీట్‌రూట్. నెల తిరిగేసరికి ఈమె ఒళ్లంతా రక్తమే."

నర్సమ్మ కళ్లద్దాల మీద నుంచి చూసింది. "ఎవురు చెప్పినారప్పా?"

"నేనే. మైకులో."

"రంగు సూసి చెప్పినట్టుండావు. సరే, ఇను. టమోటా, బీట్‌రూట్ పక్కపక్కన పెడితే ఇనుము బీట్‌రూట్‌లో కొంచెం ఎక్కువే. రక్తానికి ఫోలిక్ అనేది ఒకటి కావాల, అది కూడా దాంట్లోనే ఎక్కువ. చక్కెర కూడా దాంట్లోనే ఎక్కువ. టమోటాలో ఇనుము తక్కువ. కానీ సి విటమిను బీట్‌రూట్ కంటే బాగా ఎక్కువుండాది. పప్పులో, ఆకుకూరలో ఉండే ఇనుము ఒంటికి పట్టాలంటే అది సాయం చేస్తాది."

"అయితే ఏది గెలిచినట్టమ్మా?"

"కోడిపందెమా ఏమన్నానా? రెండూ మంచివే. ఏ ఒక్కటీ మందు కాదు. మాత్రలు మానకూడదు, అన్నం తిన్న ఎంటనే టీ తాగకూడదు." మళ్లీ ఏదో గుర్తొచ్చి అడిగింది. "బీట్‌రూట్ గడ్డ కంటే ఆకులోనే ఇనుము ఎక్కువ. ఆకు ఏం చేస్తాండావు?"

మా ఆవిడే చెప్పింది. "ఆవుకేస్తాడమ్మా."

"ఎవురి ఆవు?"

"ఎవురిదో."

నర్సమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. మా ఆవిడ కూడా నవ్వింది. నాలుగు నెలల తర్వాత ఆమె నవ్వు వినడం అదే మొదలు. నవ్వించింది నేనే, కానీ అది నేనేసిన జోకు కాదు.

బయటికొచ్చి వేపచెట్టు కింద అరుగు మీద కూర్చున్నాం. అసలు అడగాలనుకుని వచ్చింది అప్పుడు అడిగాను.

"రక్తం పెరుగుతాంది గదే. ఎప్పుడొస్తావు ఇంటికి?"

ఆమె కొంగు అంచు మడత పెట్టింది, విప్పింది. "రక్తానికి కాదయ్యా నేనీడ ఉండేది. ఈడ మద్దేనం అన్నం తినేటప్పుడు ఎదురుగా మన పాప కూర్చుంటాది. ఇంగ కొంచెం పెట్టుకో మా అంటాది. ఆడ నేను పిలిస్తే ఊరంతా ఇనిరి, నువ్వు రాలేదు. ఒక్కదానికే ఏం వండుకునేదని, ఎన్ని దినాలు చారునీళ్లు తాగి పండుకున్నానో నీకు తెలుసునా?"

తెలియదు. నాలుగు నెలల క్రితమైతే, టమోటా క్రేట్లు క్రేట్లు తెచ్చిపోస్తిని కదే అని ఎదురు మాట్లాడేవాణ్ణి. ఇప్పుడు ఆ చారూ ఆ గోడా నాకూ పరిచయమే.

ఆ రాత్రికే ఊరు చేరాను. మరుసటి రోజు బండి ఆపగానే, బోణీ కాకముందే, బీట్‌రూట్ కట్టల్లో లేతాకు ఏరి, నాలుగు గట్టి టమోటాలు కూడా వేసి మూట కట్టాను. రోజూ మొదట వచ్చే ముసలమ్మ చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏమప్పా, బోణీ కూడా కాలే, మూట కడతాండావు. ఎవురికి?"

"ఇంటికమ్మా."

"ఇంట్లో ఎవురుండారు?"

నేను తక్కెడ సరిచేసుకున్నాను. ఆమె ఇంకేమీ అడగకుండా ముల్లంగి తీసుకుని పోయింది. పదకొండింటికి ఆవు వచ్చింది. ముదురాకులు చూసి, నా మొహం చూసి, మళ్లీ ఆకులు చూసి, తప్పదన్నట్టు నమిలింది.

బీట్‌రూట్ ఆకు, కందిపప్పు, టమోటా కలిపి పప్పు వండడం కూతురు ఫోనులో చెప్పింది. మొదటిసారి మాడింది. రెండోసారి ఉప్పు మరిచిపోయాను. ఆదివారానికి మూడోసారి వండి, క్యారియరులో పెట్టుకుని, ఒళ్లోంచి దించకుండా కుప్పం చేర్చాను. కూతురు పక్కింటికి పోయింది, కావాలనే పోయిందని నా అనుమానం. మా ఆవిడకు సంగటి ముద్ద పెట్టి, పప్పు వేసి, ఎదురుగా కూర్చున్నాను.

ఒక ముద్ద తిన్నది. "పులుపెక్కువ."

"టమోటా సాయం చేస్తాండాది."

"ఇంత సాయం అక్కరలేదు." రెండో ముద్ద తిన్నది. మూడోది కూడా. గిన్నె ఖాళీ చేసి చెయ్యి కడుక్కుని వచ్చి, "వచ్చే ఆదివారం ఉప్పు సూసి తే," అంది. ఇంటికొస్తానని చెప్పలేదు. నేనూ మళ్లీ అడగలేదు. బస్సు దాకా వచ్చి, ఎక్కబోతుంటే అడిగింది.

"మైకులో నా గొంతు ఇంగా ఉండాదా?"

"ఉండాది. తీసేయమంటావా?"

"ఉండనీ," అంది. "నువ్వయినా తిను."

ఇప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట దాటాక మైకులో ఆమె పిలవగానే బండి పక్కకు ఆపేస్తాను. గిరాకీ నిలబడి ఉన్నా ఆపేస్తాను. ముందు సీట్లో డబ్బా విప్పుకుని, అన్నం చల్లారకముందే తింటాను. ఎదురుగా ఎవరూ ఉండరు. అద్దం అవతల ఆ పొట్టి ఆవు ఇంకా పోకుండా నిలబడి, నా డబ్బాలోని ఆకువైపే చూస్తుంటుంది.