పెదవి కదపని పుష్పకుమారి

ఫిల్మ్ నగర్‌లో పుష్పకుమారి ముఖం ఎరిగినవాళ్లు తక్కువ, ఆమె అందించిన మాటతో గట్టెక్కినవాళ్లు ఎక్కువ. తెలుగు రాని హీరోయిన్లకి కెమెరా పక్కన నిలబడి డైలాగు అందించడం ఆమె పని. ప్రాంప్టింగ్ అంటారు దాన్ని. అవతలి మనిషి కళ్లలో తడబాటు కనిపించీ కనిపించకముందే మొదటి మాట పెదవుల మీద చూపించాలి, లేకపోతే షాటు పోయినట్టే. పద్దెనిమిదేళ్లు అదే పని చేసింది. తెర మీద ఆమె పేరు ఒక్కసారీ పడలేదు, పడలేదని ఆమె ఎవరి దగ్గరా మొత్తుకోనూ లేదు. నరసాపురం మనిషి, అభిమానం ఎక్కువ.

అంత అలవాటైన పని మానేసి బళ్లోకి రావడానికి కారణం తమ్ముడు లియో. చిన్నప్పుడు వాడి కంటికి అక్షరాలు ఒకచోట నిలిచేవి కావు. మొద్దన్నారు, బద్ధకస్తుడన్నారు, బెత్తాలు విరగ్గొట్టారు. అదే పాఠం అక్క చదివి వినిపిస్తే ఒక్కసారికే అప్పజెప్పేవాడు. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు, ఎనిమిదో తరగతిలో వాడు బడి మానేశాడు. ఆ కడుపుమంట పుష్పకుమారికి ఇన్నేళ్లయినా చల్లారలేదు. నలభై దాటాక పట్టుబట్టి, అలాంటి పిల్లలకి చదువు చెప్పే కోర్సు పూర్తిచేసి, జూబ్లీహిల్స్‌లో ఒక హైస్కూల్లో చేరింది. ఆటసామాను పడేసే మెట్లకింది గది ఇచ్చారు. అదే మహాభాగ్యమనుకుని పాఠాలన్నీ తన గొంతుతో రికార్డు చేసి పెట్టింది.

ఆ గదికి వచ్చే పదకొండుమందిలో గీతిక ఒకతి. పదో తరగతి, ఉండేది రహమత్ నగర్. తల్లి కొమురమ్మ స్టూడియోలో కాస్ట్యూములు ఇస్త్రీ చేస్తుంది. నోటితో చెప్పమంటే గీతిక గడగడా చెప్పేది, చదవమంటే రెండో లైనుకే చెమటలు పట్టేవి. హెడ్మాస్టరు కమలాకర్ గారు చెడ్డవారేం కాదు గానీ, గేటు దగ్గర బోర్డు మీద నూటికి నూరు శాతం అని రాయించుకోవడమంటే ఆయనకి ప్రాణం. అమ్మాయిని ఓపెన్ స్కూలుకి మార్చుకోమని కొమురమ్మకి టీసీ ఫారం కూడా ఇచ్చేశారు. పుష్పకుమారి అడ్డం పడింది. ప్రశ్న తను చదువుతుంది, జవాబు పిల్ల చెబుతుంది, చెప్పింది చెప్పినట్టు తను రాస్తుంది. కాస్త ఎక్కువ టైమిస్తే చాలని వాదించింది. సోషల్ పరీక్ష అలాగే పెట్టి చూద్దాం, పాసైతే ఉంటుంది, తప్పితే టీసీయే అన్నారు హెడ్మాస్టరు.

డెబ్బై ఒక్క మార్కులు వచ్చాయి. పుష్పకుమారికి కాళ్లు నేల మీద ఆగలేదు. బేకరీ నుంచి దిల్‌పసంద్ తెప్పించి స్టాఫ్‌రూములో అందరికీ పంచింది. గీతిక మాత్రం తన ముక్క ముట్టుకోలేదు. గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

"గవి నా మార్కులు కావు మేడమ్. నేను ఆగినప్పుడల్లా మీ పెదవులు కదిలినయ్. చూసి చెప్పిన."

పుష్పకుమారికి ఒళ్లు మండిపోయింది. నేనెందుకు చెప్తానమ్మా అని గట్టిగానే కసిరింది. గీతిక జంకలేదు. భూగర్భ జలాల ప్రశ్న గుర్తుచేసింది.

"మీరు 'విచ' అన్నరు, నేను 'విచక్షణారహితంగా' అని అందుకున్న. గా మాటకు అర్థం గిప్పటికీ తెల్వదు నాకు."

పుష్పకుమారి ఆ పరీక్ష గుర్తుచేసుకుంది. నిజమే. పిల్ల కళ్లలో తడబాటు కనిపించగానే పద్దెనిమిదేళ్ల అలవాటు తన ప్రమేయం లేకుండానే పని చేసేసింది. సెట్లో అది నైపుణ్యం, ఇక్కడ దొంగతనం. ఊరుకుంటే ఎవరికీ తెలియదు, పిల్ల బళ్లోనే ఉంటుంది. చెబితే పిల్లా పోవచ్చు, మెట్లకింది గదీ మూతపడొచ్చు. ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తియ్యలేదామె. లియో తెలివిని ఎవరూ నమ్మలేదని ఇన్నేళ్లు కుళ్లిపోయిన మనిషి, తీరా తన చేతికొచ్చిన పిల్లని తనే నమ్మలేదా? సిగ్గుతో చచ్చినంత పనైంది.

నేరుగా వెళ్లి హెడ్మాస్టరుకి చెప్పేసింది. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఎవరూ అడగంది మీరెందుకు చెప్తున్నారు మేడమ్?"

"ఆ పిల్ల అడిగిందండి."

గురువారం మరో పేపరుతో మళ్లీ పరీక్ష. ఈసారి హెడ్మాస్టరే దగ్గర కూర్చుంటారు, తప్పితే సాయంత్రానికల్లా టీసీ. కొమురమ్మ సంతకం పెట్టిన ఫారంతో ఆఫీసు బయట కూర్చుంది. కుర్చీలు మాత్రం గీతికే సర్దింది. మీరు గోడ దిక్కు కూర్చోండి మేడమ్ అంది. టీచరు గోడకి ముఖం పెట్టి కూర్చుంటే, బ్యాట్లూ బంతుల పెట్టె మీద కూర్చున్న కమలాకర్ గారు నవ్వు ఆపుకున్నారు.

మూడో ప్రశ్న మళ్లీ భూగర్భ జలాల మీదే వచ్చింది. పుష్పకుమారి చదివింది. వెనక చప్పుడు లేదు. ఒక నిమిషం గడిచింది. రెండో నిమిషమూ గడిచింది. అంతసేపు మౌనాన్ని ఆమె ఏ సెట్లోనూ భరించలేదు. నాలుక చివరిదాకా వచ్చిన మాటని పళ్లతో బిగించి పట్టింది, గోడ మీద సున్నం పెచ్చులు లెక్కపెట్టుకుంది. పిల్ల ఏడుస్తోందేమోనని తిరగబోయి ఆగిపోయింది. అప్పుడు గీతిక గొంతు లేచింది.

"ఈ గుట్టల మీద సెల్లార్ల కోసం రాళ్లు పేలుస్తున్నరు. ఇంటికొక బోరు ఏస్తున్నరు. పైన మొత్తం సిమెంటే, వాన నీళ్లు లోపలికి ఇంకెటట్టు లేదు. పైన ఎంత లోతుకు తోడితే కింద మా బస్తీల బోర్లు గంత ఎండిపోతయ్. అందుకే మేము ట్యాంకర్ కోసం బిందెలు లైన్ల పెడ్తం."

ఒక్క అక్షరం మార్చకుండా రాసింది పుష్పకుమారి. కళ్లు చెమర్చి గీతలు కనిపించకపోయినా కలం ఆపలేదు.

పేపరు హెడ్మాస్టరే దిద్దారు. ఈ జవాబు పుస్తకంలో లేదు గానీ పుస్తకం కంటే బాగుందంటూ దానికి పూర్తి మార్కులేశారు. మొత్తం నలభై ఎనిమిది. కొమురమ్మని లోపలికి పిలిచి చెబితే ఆమె ముఖం వాడిపోయింది.

"మొన్న డెబ్బై ఒకటి వచ్చినయ్ గద సారూ, గిప్పుడు గిన్నేనా?"

"గవి ఇద్దరివి అమ్మా," అంది గీతిక. "గివి నా ఒక్కదానివే."

కమలాకర్ గారు కొమురమ్మ చేతిలోని ఫారం తీసుకుని నిలువునా చింపేశారు. తర్వాత పుష్పకుమారి వైపు తిరిగి, పిల్ల సొంతంగా ఇలా జవాబు చెప్పడానికి మీరేం చేశారని అడిగారు.

ఎన్నో నోళ్లకి మాటలిచ్చిన మనిషి, ఆ రోజు పలికిన మాటకి మించి గర్వంగా ఏ డైలాగూ పలికి ఉండదు.

"నేనేం చెయ్యలేదండి."